లెఫ్ట్ కార్నర్ తూకం

“వదినా, మనోని పేరు వచ్చిండాది!” అని శశి అరిచినప్పుడు నా రెండు చేతులూ విత్తనపు వేరుశెనగ గింజల్లో ఉన్నాయి. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని వింటున్నదాన్ని ఒక్కసారి ఎగిరేసరికి అది జారి చాటలో పడింది. పడినా శశి గొంతు గింజల మధ్య నుంచి వస్తూనే ఉంది. శశి మా ఆయన నందీష్ బావ పక్కన యూనివర్సిటీ కబడ్డీ జట్టులో కవర్ ఆడతాడు. వాళ్లిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసు కట్టి నిలబడితే కూతకొచ్చినవాడు ఆ మూలకు రావడానికి ఆలోచిస్తాడని కోచ్ అంటారట. ఆ ఫోన్ కూడా నాది కాదు, బావది. ఛార్జింగుకు పెట్టి సాయంత్రపు పరుగుకు పోయాడు, అంత మంచి మాట ముందుగా నా చెవిన పడింది. “కాలేజీల్లో ఆడే డిఫెండర్లు అందరినీ చూసి ఆరుమందినే పిలిచినారు వదినా. లీగ్ వేలానికి ముందర సెలక్షను. రేపు బెంగుళూరు. ఆ యూట్యూబు ఆయప్ప కూడా చెప్పినాడంట, ఈ ఏడు కన్నేసి చూడాల్సిన డిఫెండర్లలో మొదుట ఈ జులపాల కార్నరేనని!” నేను నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, చేతికంటిన ఎర్రపొట్టు బుగ్గకు పూసుకుంటున్నాను. “మొదుట తూకముంటాది వదినా, ఎనభై ఐదు కేజీలు దాటితే మ్యాటు కూడా తొక్కనియ్యరు. ఎంతుండాడిప్పుడు?” “ఎనభై నాలుగప్పా, ఈ పొద్దున్నే తూగినాడు” అన్నాను, బడిలో లెక్క చేసి చూపించే పిల్లలా. “ఇంకేంది మరి! యా దేవునికి మొక్కుకున్నావో ఏమో” అని పెట్టేశాడు.

అప్పుడే అత్త వాకిట్లోకి వచ్చింది. విత్తనానికి ఏరగా మిగిలిన కాయల్ని రోడ్డు మీది సంజీవప్ప మండీలో వేసి వస్తోంది, ఖాళీ గోనెసంచిని నేలకేసి కొట్టింది. “వాని కాటా కాలిపోను! ఈసారీ బస్తాకు రెండు కేజీలు మింగినాడు సూడు” అంది. “అత్తా, బావను పిలిచినారత్తా, బెంగుళూరుకు, రేపే” అన్నాను. కెంచమ్మత్త కాటాను మరిచిపోయి, గోనెసంచి మరిచిపోయి, నా తల చుట్టూ చేతులు తిప్పి కణతల దగ్గర మెటికలు విరిచింది. “పొయ్యి ముట్టీ పిల్లా, బ్యాళ్లు ఎసట్లో ఎయ్యి, ఓళిగలు సేస్తా” అని పైట దోపుకుంది. నేను ఆ బొబ్బట్లకు పప్పు డబ్బా కోసం చెయ్యి పైకి చాచాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. మింగినాడు. రెండు కేజీలు. సంజీవప్ప కాటా.

ఎనభై నాలుగు అని చెప్పింది ఆ కాటానే.

ఊళ్లో పాలు తాగే పిల్లకాయకు కూడా తెలుసు ఆ కాటా తక్కువ చూపిస్తుందని. కాయలు కొనేవాడి కాటా కదా, తక్కువే చూపిస్తుంది, తిట్టుకుంటూ అందరూ అక్కడికే పోతారు, దగ్గర్లో ఇంకో మండీ లేదు. పెళ్లైన మర్నాటి నుంచీ బావ రోజూ పొద్దుటి పరుగు ముగించి ఆ కాటా మీదే నిలబడ్డాడు. బస్తాలు దించుతున్నవాళ్లు పని ఆపి చూసేవాళ్లు, “ఏంప్పా సంజీవప్పా, ఈ బస్తా ధర ఎంత?” అని ఎగతాళి చేసేవాళ్లు, ఆయన పెద్దగా నవ్వి బరువు చదివేవాడు. ఎనభై మూడు, ఎనభై మూడున్నర, ఎనభై నాలుగు. వాళ్లంతా వేరుశెనగ రైతులే, ఆ కాటాను రోజూ శపించేవాళ్లే. ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టలేదు, బీఎస్సీ చదివానని చెప్పుకునేదాన్ని. కాయలకు దొంగదైన కాటా మనిషికి నిజం చెబుతుందని ఎలా అనుకున్నాం? ఆ కాటా ఎంత బరువుకైనా రెండే కేజీలు మింగుతుందా, బరువును బట్టి మింగుతుందా? రెండే అయితే బావ ఎనభై ఆరు. బస్తా బరువు మనిషి బరువులో సగమే కదా, దామాషా ప్రకారం మింగితే ఎనభై ఎనిమిది. ఎనభై ఆరైతే ఏడవొచ్చు. ఎనభై ఎనిమిదైతే ఏడవడానికి కూడా లేదు. లోపల అత్త “బ్యాళ్లు వేసినావా?” అంటోంది, వేశాను, వేసినట్టే ఉంది, పప్పు ఎసట్లో పడ్డ చప్పుడు విన్నాను. గోడ మేకుకు వేలాడుతున్న మామ కంబళిని లాక్కుని వాకిలి దాటాను.

“ఈ ఎండకు కంబళి ఏంటికమ్మా, చలిజొరమా?” మా మామ నారప్ప వాకిటి అరుగు మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు. “బావకు మామా” అన్నాను, అంతకుమించి ఏమీ చెప్పలేకపోయాను, ఆయన “పెండ్లయిన కొత్త” అని తనలో తాను నవ్వుకోవడం వెనక వినిపించింది. కంబళి గొర్రెల వాసన వేస్తోంది. గొర్రెలు పోయి చాలా ఏళ్లయినా వాసన పోలేదు. మేత నేలంతా ఇప్పుడు సోలారు పలకలే, నీలం పలకలు, ఊరి చివర నుంచి గుట్ట దాకా, గుట్ట అవతల మళ్లీ, ఎండను తాగుతూ అన్నీ ఒకే వైపు తల వంచుకుని. పెళ్లైన కొత్తలో మా పావగడ నుంచి బస్సు దిగి మొదటిసారి చూసినప్పుడు చెరువనుకున్నాను. ఇంత పెద్ద చెరువున్న ఊరికి కోడల్ని అయ్యానా అని మురిసిపోయాను. బావ కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకు బుగ్గ మీద సొట్ట పడింది. ఈ మధ్య పెరిగిన గడ్డంలో కూడా ఆ సొట్ట మరీ లోతుగా పడుతోంది, బుగ్గ నిండింది కాబట్టి. ఎంత ముద్దుగా ఉందో అనుకున్నాను! రోజూ అనుకున్నాను. ఆ సొట్ట ఎన్ని గ్రాములు?

కంచె పక్కనే దారి, దారి మీద నేను, నా నీడ నాకంటే పొడుగ్గా. దూరంగా పలకలు కడిగే ట్రాక్టరు ట్యాంకు పోతోంది, నీళ్లు పలకల మీంచి జారి మట్టిలో పడుతున్నాయి. పలకల మీద అంత నీళ్లు పోస్తారు, బావ రేపటిదాకా గుక్కెడు తాగడానికి ఆలోచించాలి. ఎన్ని విందులు తిన్నాం? కొత్త జంటను బంధువులందరూ పిలుస్తారు, పిలిస్తే పోవాలి, పోతే తినాలి, పెళ్లికొడుకు మారు వడ్డించుకోకుండా లేస్తే ఆ ఇంటివాళ్లను కాదన్నట్టు. అరసికెరెలో మారెమ్మ చిన్నమ్మ ఇంట్లో నాటుకోడి, సంగటి, దాని మీద నెయ్యి, ఆమె పక్కన కూర్చుని “ఏంది నాయనా, పిట్ట తిన్నట్ల తింటాండావు, మా ఇంటి కూడు సేదా?” అంటే బావ నా వైపు చూశాడు, నేను కళ్లతోనే తినమన్నాను. ఎందుకంటే పొద్దున కాటా ఎనభై మూడున్నర చూపించింది, ఇంకా చోటుంది. ప్రతి విందులో చోటుంది. నా కొంగు ఆయన కండువాకు ముడివేసినవాళ్లే మమ్మల్ని ఇంటింటికీ తిప్పి ఓళిగ మీద ఓళిగ పెట్టారు, మొదటి ముద్ద ఒకరికొకరు పెట్టుకోమన్నారు, నా వేళ్లు ఆయన పెదవులకు తగిలినప్పుడల్లా ఆడవాళ్లు గొల్లున నవ్వేవాళ్లు, నాకు సిగ్గుతో ఊపిరాడేది కాదు. ఇంత సంతోషానికి బరువుంటుందని ఎవరు అనుకుంటారు?

పోనీ నిజం చెప్పే కాటా ఎక్కడుంది మాకు? రేషను అంగడి కాటా ఎక్కువ చూపిస్తుంది, అది ఇచ్చేవాడి కాటా. మండీ కాటా తక్కువ చూపిస్తుంది, అది కొనేవాడి కాటా. ఎవరికీ ఏమీ అమ్మని, ఎవరి దగ్గరా ఏమీ కొనని కాటా ఊళ్లో ఎక్కడైనా ఉందా? ఉంది. శిల్పశ్రీ సిస్టర్ దగ్గర, ఆరోగ్య ఉపకేంద్రంలో, కడుపుతో ఉన్నవాళ్లను నిలబెట్టి తూచేది. అది గుర్తుకు రాగానే అడుగులు వేగమయ్యాయి, వెంటనే నెమ్మదించాయి, ఎందుకంటే అది నిజం చెబుతుంది.

బావ ఎక్కడ? మలుపు దగ్గర లేడు. ఏడాది క్రితం వరకు నాకు ఆయన సెలవులకు మా ఇంటికొచ్చే మేనత్త కొడుకు, అంతే, మామిడికాయ దొంగ, జడ లాగేవాడు. తుమకూరులో యూనివర్సిటీ పోటీలకు మా కాలేజీ పిల్లలతో పోయాను, ఎడమ మూల నిలబడ్డ మనిషిని చూశాను. అందరూ కదులుతున్నారు, ఆయన కదలడం లేదు. కూతకొచ్చినవాడు ఊరిస్తున్నాడు, చెయ్యి విసురుతున్నాడు, వెనక్కి దూకుతున్నాడు, ఆయన వాడి మొహం చూడనే లేదు. కొంచెం వంగి కింద ఎక్కడో చూస్తున్నాడు. వాడి కుడికాలు బోనస్ గీత దాటడానికి ఒక్కసారి ముందుకు సాగింది, అంతే, కాలు ఆయన చేతిలో ఉంది. లాగలేదు, గుంజలేదు, మందలోంచి గొర్రెపిల్లను వెనకకాలు పట్టి ఎత్తినట్టు ఎత్తాడు. అవును, అచ్చం అలాగే. తర్వాత మామ చెప్పాడు. “గొర్రె తలను సూస్తే నిన్ను మోసం జేస్తాది. కాలు సూడల్ల. కాలు అబద్ధం సెప్పదు.” చిన్నప్పుడు మందలో పట్టి పట్టి వచ్చిన పట్టు అది. మంద పోయింది, పట్టు మిగిలింది. కోచ్ దానిని ఇంకెవరికీ నేర్పలేకపోయారట. ఆ రోజు నా పక్కనున్న అమ్మాయి “ఎవరే ఆ జులపాలవాడు?” అంటే “మా బావ” అన్నాను, ఆ రెండు మాటలు అన్నాక నేను మళ్లీ మునుపటిలా కాలేదు.

ఆ జుట్టంటే నాకెంత ఇష్టమో. పెళ్లవగానే పొట్టిగా కత్తిరించుకుంటానంటే అత్త ఒప్పుకోలేదు. పెండ్లయి ఏడాది తిరిగేదాకా మంగలి కత్తి తాకరాదంది, జుట్టు గానీ గడ్డం గానీ, వాళ్ల వంశంలో లేదంది. అత్తకు అన్నీ పద్ధతి ప్రకారం జరగాలి, విందులూ అంతే, ఒక్క ఇల్లు తప్పినా ఊరుకోలేదు. బావ గొణిగాడు, నేను లోలోపల గంతులేశాను. సాయంత్రాలు ఆయన తల నా ఒళ్లో పెట్టుకుంటే జుట్టు ఉంగరాల్లో వేళ్లు దూర్చి ఒక్కొక్కటి విప్పడం, విప్పగానే అది మళ్లీ చుట్టుకోవడం, ఇంతకంటే మంచి పని లోకంలో లేదు. ఇప్పుడు ఇవన్నీ ఎందుకు గుర్తొస్తున్నాయి, నడువు, చైత్రా, నడువు. ఈ ఏడు పోతే ఇంకో ఏడు లేదు. వచ్చే వేలానికి ఆయన కొత్త కుర్రవాళ్ల వయసు దాటిపోతాడు, అప్పుడు పెద్ద ఆటగాళ్లలో కలిసిపోవాలి, పేరు లేనివాణ్ణి అక్కడ ఎవరు పిలుస్తారు. అప్పుడు ఈ పలకల కంచె గేటే. వాచ్‌మన్ పని ఉందని ఇప్పటికే కబురు పంపారు. నీలం చొక్కా, టోపీ, విజిల్. ఒకప్పుడు గొర్రె వెంట పరిగెత్తిన నేలకు కాపలా, రోజంతా కదలకుండా నిలబడి. కాలు ఎవరిదీ రాదు ఆ గీత దాటి.

ఒక వరస పలకల నీడలో కూర్చుని ఉన్నాడు, చెమటతో మెరుస్తూ, చెప్పులు విప్పి మట్టిలో కాలివేళ్లు ఆడిస్తూ. నన్ను చూసి ముఖమంతా నవ్వు. “ఏంది పిల్లా, ఉండలేకపోతివా?” “పిలిచినారు బావా” అన్నాను. “యాడికి?” “బెంగుళూరుకు. రేపే. సెలక్షనుకు.” లేచాడు, నన్ను అమాంతం ఎత్తాడు, తిప్పాడు, పలకలు తిరిగాయి, గుట్ట తిరిగింది, ఆకాశం కాళ్లకిందికి వచ్చింది. దించమని చెప్పాలని ఉంది, దించకుండా ఉంటే బాగుండునని ఉంది. గాల్లో ఉండగానే చెప్పేశాను. “బావా, సంజీవప్ప కాటా.” ఆయన ఆగాడు. నన్ను మెల్లగా దించాడు.  కింద ఎక్కడో చూశాడు, కూతకొచ్చినవాడి కాలు చూసినట్టు. “అమ్మ ఎన్నిసార్లు తిట్టింటాది దాన్ని” అన్నాడు. “నా ముందరే తిట్టింటాది.” ఆపై నా చేతిలోని కంబళి చూశాడు, అడగలేదు, తీసుకుని తలమీంచి ఒళ్లంతా చుట్టుకున్నాడు, నేను మెడ దగ్గర ముడి వేశాను. మందపు ఉన్ని జారి ముడి పడలేదు, మళ్లీ వేశాను. ఇది కూడా కొంగుముడిలాంటిదే అనిపించింది, నవ్వొచ్చింది.

ఒంట్లో నీళ్లు చెమటై పోవాలని పరిగెత్తాడు. నల్లటి కంబళి నీలం పలకల పక్కన పోయి పోయి చిన్నదైంది, మలుపు తిరిగి మళ్లీ పెద్దదైంది. పొద్దు ఇంకా వాలలేదు, పలకల వేడి ముఖానికి కొడుతోంది, ఊరికే నిలబడ్డ నాకే కళ్లు తిరుగుతున్నాయి, ఆ ఉన్నిలో ఆయన ఎలా ఉన్నాడు. నా ముందు నుంచి దాటినప్పుడు ఊపిరి వినిపించింది, కూత పట్టినట్టు. వచ్చే చుట్టుకు ఆపేస్తాను అనుకున్నాను. ఆపలేదు. ఆ తర్వాతి చుట్టుకు అనుకున్నాను. కరగాలి, ఇంకొంచెం కరగాలి, మారెమ్మ చిన్నమ్మ సంగటి కరగాలి, మా అమ్మ నెయ్యి కరగాలి. దేవుడా, ఆయన కరగకూడదు. ఇది ఎలాంటి మొక్కు, సగం ఇవ్వు, సగం ఉంచు. పోయినేడు ఎవరో పిల్లవాడు తూకం కోసం నీళ్లు మాని ఎండలో పరిగెత్తి పడిపోయాడని శశే చెప్పాడు, అప్పుడు అయ్యో అన్నాను, మరిచిపోయాను. మలుపు దగ్గర నల్లటిది కనిపించలేదు. కనిపించలేదు. ఇంకా కనిపించలేదు. నేను పరిగెత్తాను, మెట్టెలు రాళ్లకు కొట్టుకున్నాయి, చెప్పు ఊడింది, ఊడనీ. మలుపు తిరిగేసరికి వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. “చాలు” అన్నాను. “ఇంకో చుట్టు” అన్నాడు. ఆ గొంతు ఆయనది కాదు. నేను ముడి విప్పేశాను. కంబళి ఊడిపడితే ఆయన ఒంటి నుంచి ఆవిరి లేచింది, నాటుకోడి కూర మీద లేచినట్టు, ఛీ, నాకు మళ్లీ తిండే గుర్తొచ్చింది.

శిల్పశ్రీ సిస్టర్ తలుపు వేసి బయలుదేరబోతోంది. సంగతి విని మళ్లీ తెరిచింది. తెల్లటి చిన్న యంత్రం, గోడ మీద గర్భిణీల బొమ్మ. బావ దాని మీదికి ఎక్కేటప్పుడు ఆమె ఊరుకోలేదు. “ఏం నందీషా, నీకెన్నో నెల?” నవ్వొచ్చింది ముగ్గురికీ. ముల్లు ఊగింది, ఆగింది, మా నవ్వూ ఆగింది. ఎనభై ఐదు దాటి ఇంకా తొమ్మిది గీతలు. గీతకు వంద గ్రాములు. “ఇంకో చుట్టు పరిగెత్తొస్తా” అన్నాడు బావ. “పరిగెత్తితే రేపు నిన్ను మోసుకొని పోవల్ల. నాలిక సూడు, ఎట్ల ఎండిపోయిండాదో” అంది సిస్టర్. గ్లాసులో రెండు గుక్కల నీళ్లు పోసి తన ముందరే తాగమంది. ఆ రెండు గుక్కలు తూగుతాయి కదా అని నేను గ్లాసు వైపే చూశాను, చూసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. తాగాడు. “రాత్రికి ఏం తినొద్దు. గొంతు తడుపుకుంటా పండుకో. నిద్రలోనే సగానికి పైగా పోతాది, కొందురికి ఇంకా పోతాది. ఆ మిగిలేది పిడికెడు. దానికి నా దగ్గర మందు లేదు.” పిడికెడు. రేపు పొద్దున్నే బెంగుళూరు యంత్రం మీద ఆ పిడికెడు ఆయనకు అడ్డం నిలబడుతుంది, గీతకు ఆ పక్కన.

ఇంటికి వచ్చేసరికి వీధి మొదట్లోనే నెయ్యి వాసన తగిలింది. బావ ఆగి కళ్లు మూసుకున్నాడు. అత్త పెనం ముందు కూర్చుని ఓళిగలు కాలుస్తోంది, పక్కన పళ్లెంలో ఒకదాని మీద ఒకటి, ఊరికి పంచేంత. “రా నాయనా, వేడిమీద తిను” అంది, తిరిగి కొడుకును చూసింది, ముడుచుకుపోయిన పెదవులు చూసింది, నా చేతిలో తడిసిన కంబళి చూసింది. నేను చెప్పాను. సంజీవప్ప కాటా అనగానే ఆమె చేతిలోని పిండిముద్ద చేతిలోనే ఉండిపోయింది. పెనం మీది ఓళిగ మాడింది, మాడిన వాసన వచ్చినా ఎవరూ తీయలేదు. అన్ని ఏళ్లు ఆ కాటాను తిట్టింది కదా, ఇప్పుడు తిట్టదేమని చూస్తున్నాను. తిట్టలేదు. మామ వాకిట్లో బీడీ ఆర్పేసి లేచి వచ్చి గడపలో నిలబడ్డాడు. “ఎంత మిగిల్తాదంట?” అంది అత్త. “పిడికెడు, అత్తా.” ఆమె లేచింది, పిండి చేతులతోనే బావ దగ్గరికి వచ్చింది, ఆయన జుట్టులో వేళ్లు పెట్టి గుప్పిటి నిండా పట్టుకుంది, గుప్పిటిని కొంచెం పైకీ కిందికీ ఆడించింది, మండీలో గుప్పెడు కాయలు తీసి బరువు చూసినట్టు. నాకు అర్థమైంది. నా ఉంగరాలు, నా సాయంత్రాలు. వద్దని అనబోయి నోరు మూసుకున్నాను. మామ “ఏడాది తిరక్కముందే ఎట్లనే” అన్నాడు మెల్లగా.

“నువ్వు ఊరుకోప్పా” అంది అత్త. పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, పళ్లెంలోని ఓళిగలన్నీ తెల్లబట్టలో మూటకట్టి నా చేతిలో పెట్టింది. వేడిగా ఉంది మూట, పసిబిడ్డలా. “రేపు తొలికోడి కుయ్యక మునుపే మంగలి కాటయ్యను లేపుకొస్తా. తలా గడ్డం రెండూ నున్నగా గీయించి మొదుటి బస్సు ఎక్కిస్తా. నువ్వూ వానెంట పో పిల్లా. వాడు ఆ మ్యాటు తొక్కేదాకా ఈ మూట ముడి ఇప్పొద్దు, కొడుకు ఏడ్సినా ఇప్పొద్దు. మ్యాటు దిగినాంక ఆడనే కూసోబెట్టి, అన్నీ నీ సేత్తోనే తినిపీ.”